మా ఇంటి కల్వం

నాకు గాభరా పుట్టుకతోనే వచ్చింది. ఇంట్లో ఎవరి చేతిలోంచి గిన్నె జారినా నేనే పడేశానేమో అనుకునేదాన్ని. అలాంటిదాన్ని, డెబ్బైల చివర్లో వరంగల్‌లో ఎమ్మెస్సీ చదువుతూ గ్రాఫైట్ మీద ప్రాజెక్టు తీసుకున్నాను. గ్రాఫైట్ పొడిని నూరి, బిళ్లగా నొక్కి, దాంట్లోంచి కరెంటు ఎంత పోతుందో కొలవాలి. మట్టి, బూడిద ఎంత తగ్గితే కరెంటుకు అడ్డు అంత తగ్గాలి. ఆసిడ్‌లో కడిగిన శుద్ధమైన పొడితో చేసే ఆఖరి బిళ్ల ఒక్కటే మిగిలింది. అది సరిగ్గా రాకపోతే ఏడాది పోయినట్టే.

సరిగ్గా అప్పుడే ల్యాబులోని అగేటు అనే గట్టి రాతి కల్వం నా చేతిలోంచి జారి పగిలింది. ఉన్నది అదొక్కటే. ముక్కల్ని కాగితంలో చుట్టి బీరువా వెనక పడేశాను. పొడిని ఇంటికి పట్టుకుపోయి, అమ్మ శొంఠి నూరే కల్వంలో నూరాను. నాలుగుసార్లు కడిగాను కదా, ఏమవుతుందిలే అనుకున్నాను. ఇంటి కల్వంలోని మెత్తటి రాయి అరిగి పొడిలో కలుస్తుందన్న బుద్ధి ఉండొద్దూ!

దసరా వెళ్లాక ఆ బిళ్లను కొలిస్తే, అన్నిటికంటే ఎక్కువ అడ్డు చూపించింది. ఆయుధపూజకని, మేమంతా 'కాక' అని పిలిచే అటెండరు మీటర్లకూ, బిళ్లను పట్టే బిగింపుకూ పసుపు కుంకుమ పెట్టి ఉంచాడు. మా గైడు సార్ అది చూసి మండిపడ్డారు. రీడింగు చెడింది దానివల్లేనని, కాక మీద పైకి రాసి పంపుతానని అన్నారు. కాక ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. నేను పక్కనే ఉన్నాను. తల దించుకుని రీడింగు రాసుకున్నాను.

కాక అన్నీ స్పిరిట్‌తో తుడిచాడు. "ఫికర్ చెయ్యకు బిడ్డా, నీ పరీక్ష ఆగదు" అన్నాడు. మళ్లీ కొలిచాను. అదే రీడింగు. అంటే తప్పు పసుపు కుంకుమది కాదు, మా ఇంటి కల్వానిది.

ఇక తట్టుకోలేక సార్ గదిలోకి వెళ్లి అంతా చెప్పేశాను. ఆయన రాస్తున్న కాగితం చించేసి, నా ప్రాజెక్టు ఆ ఏడాదికి ఆపేశారు. ఏడుపు ఆపుకుంటూ కాక దగ్గరికి వెళ్లి, కల్వం పగలగొట్టింది నేనేనని చెప్పాను.

"ఎరికే బిడ్డా" అన్నాడు. "బీరువ ఎనక ముక్కలు తీసి పారేసింది నేనే. సార్ కంట్ల పడితే నీ చదువు ఆగమైతదని."

మీటర్ల మీద గుడ్డ కప్పడం మొదలుపెట్టాడు. తిట్టినా బాగుండేది.