రాణి వాళ్ళమ్మ

మొన్న ఈ గల్ఫ్ నగరంలోని ముషైరిబ్ పేటలో మా పాపకు కొన్న చరిత్ర పుస్తకంలో, జర్మనీలో పుట్టి రష్యాను ఏలిన మహారాణి బొమ్మ కనబడింది.

చిన్నప్పుడు, ఇదే నగరంలోని నజ్మా పేటలో ఉండగా, ఆవిడ పాఠం నాకు కంఠతా వచ్చేది. పద్నాలుగేళ్ళకే పెళ్ళికూతురిగా వచ్చింది, పేరు మార్చుకుంది, మొగుణ్ణి దింపి గద్దెనెక్కింది. వెంట వచ్చిన తల్లిని అత్తింటివాళ్ళు వెనక్కి పంపేశారు.

ఆ రోజుల్లోనే ఒకనాడు నాన్న హాల్లో ఫోన్‌లో, "రాణికి వాళ్ళమ్మ పోయిందని ఎట్ల చెప్పాలె?" అంటున్నాడు. మా అమ్మ పేరూ రాణే. అమ్మకు పేరుంటుందని ఆ వయసులో తట్టదు. నాన్నకు చరిత్ర మీద ఇంత ప్రేమా అని మురిసిపోయి వంటింట్లోకి పరుగెత్తాను.

"అమ్మా, రాణి వాళ్ళమ్మ పోయిందట! రాణికి ఎట్ల చెప్పాల్నో అని నాన్న పరేషాన్ అయితున్నడు!"

అమ్మ స్టవ్ కట్టేసింది. "ఎప్పుడు పోయిందట, బిడ్డా?"

"ఎప్పుడో! పద్దెనిమిదో శతాబ్దంలనే!"

పోయింది ఊళ్ళో మా అమ్మమ్మ. ఆ మాట ఎలా చెప్పాలా అని హాల్లో నాన్న ఇంకా మాటలు వెతుక్కుంటూనే ఉన్నాడు.