మల్లన్న బస్సూ, అంతరిక్షంలో చిక్కని ఉపగ్రహమూ

ముందే ఒప్పుకుంటున్నాను: నేను వర్ణిస్తే కారుతున్న కుళాయి కూడా జలపాతమవుతుంది. కాబట్టి ఈ సంస్మరణలో ప్రతి వాక్యాన్నీ సగానికి తగ్గించుకుని చదవండి, ఒక్క వార్తను తప్ప. మా కూలీల క్యాంప్ బస్సు డ్రైవర్ రాజమల్లయ్య, మా మల్లన్న, సెలవు మీద జగిత్యాల దగ్గరి తన ఊరికి వెళ్ళి గతవారం గుండెపోటుతో దివంగతుడయ్యాడు. ఫోన్లో ఆ మాట విన్నాక దోహాలో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలోని మా గది గోడలు గిర్రున మూడుసార్లు తిరిగాయి. సరే, ఒకటిన్నరసార్లు.

మల్లన్న ఆజానుబాహువు. నవ్వితే బస్సు అద్దాలు కంపించేవి. దోహాలో హారన్ కొడితే వంద కిలోమీటర్ల అవతలి మదీనత్ అల్ షమాల్‌లో ఒంటెలు మెడలు తిప్పి చూసేవి. ఆ మహాకాయానికి నియమం ఒక్కటే: పొద్దున దింపిన ప్రతివాణ్ణీ సాయంత్రం ఎక్కించుకు రావాలి. "దింపుడు ఎవ్వడైన దింపుతడు. మల్ల ఎక్కించుకొచ్చుడే డ్రైవర్‌గిరి," అనేవాడు.

అటువంటి వాడి చెవిన అమెరికావాళ్ళ స్పేస్ షటిల్ వార్త పడింది. మనుషులు నడిపే ఆ నౌక, సూర్యుణ్ణి పరిశోధించే ఉపగ్రహాన్ని అంతరిక్షంలో దింపి, పని అయ్యాక మళ్ళీ ఎక్కించుకుని వస్తుందట!

"అరే, గది మన డ్యూటీయే గదరా బై!" అని మల్లన్న స్టీరింగ్ మీద దరువేశాడు. ఆనాటి నుంచి బస్సులో సినిమా పాటలు మాఫీ, రేడియో వార్తలే.

అంతలో పిడుగు పడింది. దింపిన ఉపగ్రహం పని చెయ్యక గిరగిరా తిరుగుతోందనీ, షటిల్ యంత్రహస్తానికి చిక్కలేదనీ చెప్పారు. క్యాంప్ రెండు పక్షాలుగా చీలిపోయింది. వదిలేసి పోతారని ఫోర్‌మన్ సుబ్బరాయుడి పక్షం. ఎట్లా పోతారని మల్లన్న పక్షం.

దాని కోసం వెనక్కి మళ్ళిన షటిలూ ఆ ఉపగ్రహమూ రెండు చుక్కలుగా ఆ సాయంత్రం కనిపిస్తాయని ఇంగ్లీషు పేపర్లో పడింది. మేం పనిచేసే మదీనత్ అల్ షమాల్ సైట్ నుంచి మా బస్సు బయల్దేరింది. వాదనలో మునిగిన మల్లన్న చాలా దూరం వచ్చాక అద్దంలో చూస్తే పోశెట్టి సీటు ఖాళీ! ఆ మహానుభావుడు చుక్కలు బాగా కనిపిస్తాయని సైట్‌లో నీళ్ళ ట్యాంకు ఎక్కి కూర్చున్నాడు. బస్సు వెనక్కి తిరిగింది.

"ఏందప్పా మల్లయ్యా, బండి తిప్పుతాండావ్?" అని సుబ్బరాయుడు లేచాడు.

"పోశెట్టి ఉండిపోయిండు."

"వాడేమన్నా పసిబిడ్డనా? పొద్దున దొరుకుతాడులే. ఇంకోసారి లేటయితే నీకు బస్సు ఖల్లీవల్లీ, ఇంక మర్చిపో అని సూపర్‌వైజర్ అన్నాడా లేదా?"

"అన్నడు."

"మరి?"

"మరేంది? మొరాయించిన యంత్రం కోసం గాళ్ళు ఎనక్కి పోతున్నరు. పోశెట్టి గంతకన్న తక్కువనా?"

"జరంత తక్కువనే అన్నా!" అని వెనక సీట్లోంచి ఎవరో అరిచారు. "గది సూర్యుని సంగతి తెలుసుకోను పోయింది. వీడు కూర సంగతి తప్ప ఏం తెలుసుకోడు!"

బస్సు బస్సంతా నవ్వింది. సరిగ్గా అప్పుడే, ఎరుపు ఇంకా ఆరని ఆకాశంలో, ముందొకటి వెనకొకటి, రెండు చుక్కలు! నిశ్శబ్దంగా, దివ్యంగా దూసుకుపోతున్నాయి. యాభైమంది కిటికీల్లోంచి తలలు బయటపెట్టి "యల్లా! యల్లా! పట్టుకో!" అని వేసిన కేకలకు షటిల్ ఒక్క క్షణం ఆగిందని ప్రమాణం చేస్తాను. మల్లన్న మాత్రం బస్సు ఆపలేదు, తలెత్తలేదు. "మీరు సూడుండ్రి. పోరడు ఒక్కడున్నడు," అన్నాడు.

లేటయినందుకు మర్నాడు మల్లన్నను బస్సు దింపి నీళ్ళ ట్యాంకర్ ఎక్కించారు. తర్వాత వ్యోమగాములిద్దరు నౌక బయటికి వచ్చి ఆ ఉపగ్రహాన్ని చేతులతోనే పట్టుకున్నారన్న వార్త వచ్చింది. ట్యాంకర్ హారన్‌తో దోహాలోని అల్ సద్ వీధులు దద్దరిల్లాయి. "ఎక్కించుకున్నరురా! ఎక్కించుకున్నరు!" అంటూ క్యాంప్‌కంతా మజ్జిగ ప్యాకెట్లు పంచాడు. బస్సు పోయిన దిగులు ఆ ముఖంలో ఎంత వెతికినా దొరకలేదు.

ఇప్పుడు మా బస్సులు ఠంచనుగా వేళకు వస్తాయి. అటువంటి సారథి మాత్రం మళ్ళీ రాడు.

ఇక ఒప్పుకోవలసినది. ఒంటెలు నిజం. షటిల్ ఆగడం కూడా, నా మటుకు, నిజమే. కల్పించింది పోశెట్టిని. ఆ పేరు గలవాడు మా క్యాంప్‌లో లేడు. బస్సులో మాటలన్నీ తర్వాత యాభైమంది నోట విన్నాను. ట్యాంకు మీద ఉన్నది నేను. చుక్కలు తల మీదుగా వెళ్ళిపోయాక కిందికి చూస్తే సైట్‌లో నరమానవుడు లేడు. పిలిచి పిలిచి గొంతు పోయింది. చీకటి ముసురుతుండగా రోడ్డు మీది దీపాల జత ఒకటి సైట్ వైపు మళ్ళింది. మల్లన్న తిట్టలేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "రెండూ కనవడ్డయా? నేను సూడలే. ఎట్లున్నయో చెప్పు," అన్నాడు.

దోహా చేరేదాకా చెప్పాను. ఉన్నవాటికన్నా చాలా పెద్దవిగా చెప్పాను.