జ్వరం కబురు అడిగే డాక్టరమ్మ

నిన్న నారాయణగూడలో పిల్లలిద్దరికీ ఫ్లూ టీకా వేయించాను. నర్సు దూదికి స్పిరిట్ అద్దగానే ఆ చల్లటి ఘాటుకి చిక్కడపల్లి సందులోని వసుంధర డాక్టరమ్మ గది గుర్తొచ్చింది. ఆమె టీకా వేసి పంపేసే రకం కాదు. మర్నాడు వెళ్లి, చెయ్యి ఎంత లాగిందో, జ్వరం వచ్చిందో లేదో చెప్పి రావాలి. వెళ్లకపోతే అలిగేవారు. కూరగాయల సంచులతోనే వెళ్లి హాజరు వేయించుకునేవాళ్లం.

పెళ్లైన కొత్తలో వానలకు ముందు మా ఇంటిల్లిపాదికీ ఫ్లూ టీకా వేశారు. నాకు ఒళ్లు కాలిపోయింది. మా ఆయనకు చెయ్యి కాస్త లాగింది. అత్తమ్మ మాత్రం మర్నాడు అక్కడి బెంచీ మీద పందెం గెలిచినట్టు కూర్చుంది.

"నాకేం కాలే డాక్టరమ్మా. నా పాణం గట్టిది. మల్ల నాకు అక్కర్లేదు."

మా వాడలో అందరిదీ అదే లెక్క. జ్వరం వస్తే మందు పడలేదని, రాకపోతే ఒళ్లు గట్టిదని. డాక్టరమ్మ నవ్వారు. జ్వరం రానంత మాత్రాన ఒళ్లు గట్టిదనీ కాదు, టీకా పనిచేయలేదనీ కాదట. కానీ వయసు మీద పడ్డాక ఒంటికి ఒకసారి చెప్తే సరిగా తలకెక్కదట, ఫ్లూ కూడా ఏటా వేషం మారుస్తుందట, అందుకే పెద్దవాళ్లు ఏటేటా తప్పక వేయించుకోవాలట. ఆడవాళ్ల ఒళ్లు మగవాళ్లకన్నా తరచు గట్టిగా బదులిస్తుందని, దాంతోపాటు నొప్పీ జ్వరమూ ఎక్కువేనని చెప్పారు. ఎందుకని అడిగాను.

"హార్మోన్లంటరు, జన్యువులంటరు. పూర్తిగ ఎవరికీ తెల్వదు. అందుకే గద అందర్నీ అడుగుతున్న."

అంతవరకూ నా ఒళ్లు నాజూకని చిన్నబుచ్చుకునేదాన్ని. ఆ రోజు నుంచి దాని సంగతేమిటో తెలుసుకోవాలనిపించింది.

నా మొదటి కడుపు నిలవలేదు. రెండోసారి ఏడో నెలలో డాక్టరమ్మ కోరింత దగ్గు టీకా అనగానే వద్దన్నాను. ఫ్లూ టీకాకు వచ్చినట్టు మళ్లీ జ్వరం వస్తే బిడ్డకేమవుతుందో. అత్తమ్మా వద్దంది. డాక్టరమ్మ బలవంతం చేయలేదు. తలుపు దగ్గరగా వేసి, వచ్చి బెంచీ మీద నా పక్కన కూర్చున్నారు. కడుపుతో ఉన్నప్పుడు ఒళ్లు బిడ్డను పరాయిదని తోసేయకుండా తన తీరు కొంత మార్చుకుంటుందని, అయినా టీకాకు బదులివ్వడం మానదని, జ్వరమొస్తే మాత్ర ఇస్తానని చెప్పారు.

"సూది నీకే గని, టీకా బిడ్డకు. పుట్టినంక కొన్ని వారాలదాంక దానికి వెయ్యరాదు. అప్పటిదాంక నీ రక్తంలకెల్లి తీసుకపోయిందే దానికి దిక్కు."

"మీకు భయమైతలేదా డాక్టరమ్మా?"

"అయితది. నీ జ్వరానికి కాదు, బిడ్డకు ఆ దగ్గొస్తదేమో అని."

చెయ్యి చాపాను. ఈసారి జ్వరమే రాలేదు. మర్నాడు ఆ కబురు విని ఆమె నాకన్నా ఎక్కువ ఆశ్చర్యపోయారు. పాప పుట్టిన నెలకే పై వాటాలో పిల్లాడికి కోరింత దగ్గు పట్టుకుంది. మెట్ల మీంచి ఆ దగ్గు వినబడినప్పుడల్లా పాపను గుండెకు హత్తుకుని తలుపు మూసేసేదాన్ని. పాపకేమీ కాలేదు. టీకా వల్లేనా అని అడిగితే, ఒక్క బిడ్డను చూసి ఒట్టు పెట్టలేనన్నారు డాక్టరమ్మ. కానీ పాపను మాత్రం చాలాసేపు ఒళ్లోంచి దింపలేదు.

ఆమె పోయారు. ఆ గదిలో ఇప్పుడు జిరాక్స్ దుకాణం, ముందు పోటీ పరీక్షలకు చదివే అశోక్ నగర్ హాస్టళ్ల పిల్లల వరస. ఈ పొద్దున పాప టీకా వేసిన చెయ్యి పట్టుకుని వచ్చింది.

"తమ్మునికేం కాలే. నాకే ఎందుకు నొప్పి?"

"పూర్తిగ ఎవరికీ తెల్వదు బిడ్డా," అన్నాను. పక్కన కూర్చోబెట్టుకుని, ఎక్కడ, ఎప్పటినుంచి అని అడిగాను. అది వివరంగా చెప్పుకుపోతుంటే, ఈ కబురు తీసుకుని ఇక ఎక్కడికీ వెళ్లక్కర్లేదని గుర్తొచ్చింది. నేనే చివరిదాకా విన్నాను.