బెంచీ మీద అక్క

దయ్యాలంటే నాకు మొదటి నుంచీ నవ్వే. భయపడ్డ మనుషులతో మాట్లాడటమే నా ఉద్యోగం. మాది జనగామ. మహబూబాబాద్‌లో ఒక దవాఖానలో కౌన్సెలర్‌ని.

బుజ్జి తండా మనిషి. పేరు మార్చాను, అది మా వృత్తి నియమం. మిరపకాయ ఏరడానికి పోతుంటే ఆటో బోల్తా పడి, పక్కనే కూర్చున్న చెల్లెలు కళ్ల ముందే పోయింది. అప్పటి నుంచి బుజ్జికి తిండి లేదు, నిద్ర లేదు, ఏడుపు కూడా లేదు. ఏడవకపోతే ఈ పిల్ల దక్కదని నా భయం.

ఐదు వారాలు నా ముందు కూర్చుని "ఊ" తప్ప ఏమీ అనలేదు. ఆరో వారం కళ్లు వాచి, ముఖం తేలికపడి లోపలికొచ్చింది.

"బయట బెంచీ మీద అక్క మెడ పట్టుకొని ఏడ్చిన మేడం," అంది.

వాళ్ల తండాల్లో ఎవరైనా పోతే ఆడవాళ్లు ఒకరి మెడ ఒకరు పట్టుకుని, పోయినవాళ్లను తలుచుకుంటూ రాగం తీసి ఏడుస్తారు. మాకేమో పేషెంటును ముట్టుకోకూడదని, వాళ్లతో పాటు ఏడవకూడదని నేర్పారు.

సంతోషించాలి కదా? నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత చదివి నేను చేయలేనిది, దారిన పోయే మనిషి చేసేసిందా! ఆ తర్వాత ప్రతి వారం అదే తంతు. ఏడుపంతా ఆమెకు, "ఊ" నాకు.

చివరికి సిగ్గులేని పని చేశాను. బుజ్జి వచ్చినప్పుడు ఆ బెంచీ మీద ఇంకెవరినీ కూర్చోనివ్వొద్దని ఆయమ్మ లచ్చమ్మకు చెప్పాను.

ఆమె నన్ను వింతగా చూసింది. "ఆ పిల్లతోని కూసునేది మీరే గద మేడం? మిమ్మల్నే లేపాల్నా?"

వేళాకోళం అనుకుని కసిరాను. బుజ్జిని అడిగితే ఆమెదీ అదే మాట. "మీరే గద. బయట అక్కా అంటే పలుకుతరు, మంచిగుంటరు. లోపలికొస్తే ఎందుకో వేరే అయితరు."

ఆ వేళల్లో నేను తలుపేసుకుని వేరే పేషెంట్లతో ఉన్నాను. రిజిస్టరులో నా చేతిరాతే సాక్ష్యం.

బుజ్జి కోలుకుంది. చివరి రోజు నాకు దూరం నుంచే దండం పెట్టి వెళ్లింది. కాసేపటికి బయట ఏడుపు వినిపిస్తే తలుపు తీశాను. బెంచీ మీద తనొక్కతే, గాలిని వాటేసుకుని ఏడుస్తోంది.

లోపలికొచ్చి కూర్చున్నాక చూసుకుంటే, నా ఎడమ భుజం మీద జాకెట్టు తడిసి ఉంది.

అది ఎట్లా తడిసిందో నేటికీ చెప్పలేను. ఆ బెంచీని చూస్తే మాత్రం నాకింకా కుళ్లే. నన్ను ఒక్కసారి కూడా పట్టుకోలేదు ఆ పిల్ల.