ఒంటి మీది నాలుగు కిలోలు

ఈదమ్మకు యాభై నాలుగేళ్లు. హాలియా దాటి సాగర్ ఎడమ కాలువ వెంట పోతుంటే వచ్చే ఊళ్లలో ఒకటి ఆమెది. సొంతానికి రెండెకరాలుంది. అది గాక ఇరవై మంది వరి నాట్ల కూలీలకు ఆమె పెద్ద. ఆమె మడిలో దిగితే ఇరవై నడుములు వంగుతాయి, ఆమె లేస్తేనే లేస్తాయి. నోరు కొంచెం పెద్దది. అందుకు ఆమె ఎన్నడూ సిగ్గుపడలేదు, ఊరు కూడా ఎప్పుడో అలవాటు పడిపోయింది.

దూర ప్రయాణమంటే ఆమెకు తెలిసింది యాదగిరిగుట్ట, శ్రీశైలం, ఒకసారి బస్సులో తిరుపతి. అలాంటి మనిషి మొన్నటి డిసెంబరులో డెహ్రాడూన్ పోతానని కూర్చుంది. అదెక్కడుందని అడిగిన వాళ్లకు చెయ్యి ఉత్తరం వైపు చూపి, అటు పోతూనే ఉండాలంది.

అక్కడ ఆమె ఒక్కగానొక్క బిడ్డ నిరోష ఉంది. అల్లుడు సతీశ్ మిలిటరీలో పని చేస్తాడు, క్వార్టరులో కాపురం. తొలుచూరు కాన్పు పుట్టింట్లో చేయాలి గనుక ఏడో నెలలో తీసుకొద్దామనుకున్నారు. కానీ డాక్టరమ్మ, ఈ పిల్ల మంచం దిగడమే ఎక్కువ, రైలు మాట ఎత్తొద్దని కచ్చితంగా చెప్పేసింది. బిడ్డ రాలేకపోతే తల్లి పోవాలి. ఈదమ్మకు అందులో ఆలోచించడానికేమీ కనిపించలేదు.

కనిపించింది సతీశ్‌కు. మంచి పిల్లవాడే గానీ అన్నిటికీ ముందే భయపడతాడు. ఫోన్లో అత్తకు నచ్చజెప్పబోయాడు.

"అత్తమ్మా, ఈడ పొద్దుగాల రెండు డిగ్రీలు ఉంటాంది. మీరు సలికి పడిపోతే నాకు ఇద్దరు పేషెంట్లు అయితరు. మార్చిల రాండ్రి, పిల్లను సూద్దురు."

"నేను సూడనీకి వస్తలేను అల్లుడా, కాన్పు చేయనీకి వస్తున్న. నా సలి సంగతి నేను సూసుకుంట," అని ఫోన్ పెట్టేసింది ఈదమ్మ.

అల్లుడితో అంత గట్టిగా మాట్లాడింది గానీ ఇద్దరు పేషెంట్లన్న మాట ఆమె గుండెలో ముల్లులా గుచ్చుకుంది. ఆమెకు నిరోష పుట్టినప్పుడు తల్లి పక్కన లేదు. అప్పుడూ నాట్ల కాలమే. తల్లి మూడూళ్ల అవతల కూలికి పోయి ఉంది, కబురంది వచ్చేసరికి మూడో రోజు. ఆ మూడు రోజులూ ఈదమ్మ గుమ్మం వైపే చూస్తూ పడుకుంది. ఇరవై ఆరేళ్లయినా ఆ గుమ్మం ఇంకా కళ్ల ముందే ఉంది. తన బిడ్డ అలా చూడకూడదు. పోయి, చలికి ముడుచుకుని మూలన పడి, బిడ్డకే బరువు కాకూడదు. ఈ రెండూ జరగకూడదు.

సతీశ్ ఇక చేసేది లేక విమానం టికెట్ తీసి పంపాడు. దాంతో పాటు ఒక హెచ్చరిక కూడా పంపాడు. పెట్టె పదిహేను కిలోలు దాటొద్దు, చేతి సంచి ఏడు కిలోలు దాటొద్దు. ఈదమ్మ నవ్వింది. వడ్ల బస్తా నెత్తికెత్తుకునే మనిషికి పదిహేను కిలోలు ఒక లెక్కా అనుకుంది. పెట్టె తెరిచి సర్దబోతే గానీ అది ఎంత తక్కువో తెలియలేదు.

బాలింత కారం, శొంఠి, వాము, వెల్లుల్లి, గానుగ నువ్వుల నూనె, పసిపిల్లకు పక్క పరచడానికి పాత ధోతులు, కిలో మురుకులు. బిడ్డ కోసం ఇవి పెట్టేసరికే మూడొంతుల పెట్టె నిండింది. ఆపైన ఊరి సలహాలు మొదలయ్యాయి. రిటైరైన రామచంద్రం సారు కాశీకి పోయినప్పటి కంబళి తెచ్చిచ్చాడు. దానికి సగం పెట్టె కావాలి. ఇంకొకరు దూది రజాయి తెచ్చారు. అది పెట్టెలో పడితే పెట్టె మూత పడదు. ఉన్న జాగా ఇంత, చలి అంత. ఈదమ్మ పెట్టె ముందు చతికిలబడి, సలహా ఇచ్చిన వాళ్లందరినీ పేరు పేరునా తిట్టుకుంది.

పక్కింటి హరిత నల్గొండలో డిగ్రీ చదువుతుంది. సెలవుకు వచ్చి ఈ అవస్థ చూసి ఫోన్లో ఒక వీడియో పెట్టింది. మంచు కొండలకు పోయే వాళ్లు ఎలా సర్దుకుంటారో ఒకాయన చెబుతున్నాడు. ఒక్క మందపాటి బట్ట మోసే కంటే పల్చటివి నాలుగు ఒకదాని మీద ఒకటి తొడగాలట. లోపల మెత్తటిది, నడుమ ఉన్నిది, పైన గాలి చొరబడనిది. ఈదమ్మ శ్రద్ధగా చూసి, ఆఖరికి పకపకా నవ్వింది.

"గిదేం కొత్త ఇద్దె పిల్లా? యాసంగి నాట్లల్ల మేం తొడిగేదే గిది."

నిజమే. ఆ కాలువ కింద డిసెంబరు చివర తెల్లవారుజామున మడిలో కాలు పెడితే ఎముక దాకా జివ్వుమంటుంది. అప్పుడు ఏ ఆడమనిషీ కంబళి కప్పుకుని నాటు వేయదు. చీర మీద మొగుడి పాత ఫుల్ చేతుల అంగీ, దాని మీద ఇంకో అంగీ, నెత్తికి తువ్వాల, వీపు మీదికి గాలి కొట్టకుండా నిలువుగా చీరిన యూరియా సంచి. ఎండ ఎక్కుతున్న కొద్దీ ఒక్కొక్కటీ తీసి గట్టు మీద విసురుతారు. ఇరవై ఏళ్లుగా ఈదమ్మ చేస్తున్న పనిని ఫోన్లో మనిషి ఇప్పుడు కనిపెట్టినట్టు చెబుతున్నాడు.

అంగీలున్నాయి. ఆమె భర్త బుచ్చయ్యవి. ఆయన పోయి ఆరేళ్లయింది. నూరు ఉతుకులకు పట్టులా మెత్తబడిన రెండు అంగీలు తీసి పెట్టింది. గాలికి హరిత తన రెయిన్ కోటు ఇస్తానంది. ఇక కావలసింది నడుమ తొడిగే ఉన్ని.

ఉన్ని కూడా ఉంది. దండెం మీద బుచ్చయ్య గొంగడి వేలాడుతోంది. వంతు నీళ్లకు కాలువ కాపలా పోయినప్పుడల్లా ఆయన భుజాన ఉన్నది అదే. నల్లటిది, బరువైనది, వాన పడినా లోపలికి చుక్క దిగనిది. మొత్తంగా తీసుకుపోయే వీలు లేదు. ఈదమ్మ దాన్ని చాలాసేపు చూసింది. తర్వాత మడిచి చంకన పెట్టుకుని దర్జీ పర్వతాలు దగ్గరికి నడిచింది. చేతుల్లేని కోట్లు రెండు కుట్టాలంది. ఒకటి తనకు, ఒకటి నిరోషకు, ముందు గుండీలతో వదులుగా.

పర్వతాలు గొంగడిని ముట్టుకుని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ముప్పై ఏళ్లుగా కుడుతున్నాడు, గొంగడిని కోసిన పాపాన పోలేదు. పైగా అది బుచ్చయ్యన్న గొంగడి. తాను కోయనన్నాడు.

"మనిషి పొయ్యిండు గని సలి పోలే గద తమ్ముడా," అంది ఈదమ్మ. "గాయిన ఉంటే గొంగడి కాస్తవా, బిడ్డ ఒళ్లు కాస్తవా అని అడుగుదుము. ఏం జెప్తుండెనో నీకు ఎరికనే." కత్తెర ఆమే అందుకుంది. మొదటి కోత ఆమే వేసింది. వేసేటప్పుడు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు కూడా. పర్వతాలు కుర్చీలో నుంచి లేచి మిగతాది తాను కోశాడు.

కోట్లు చక్కగా కుదిరాయి. ఒక్కోటి ముప్పావు కిలో కూడా లేదు. ఇక అన్నీ సర్ది తూకం వేయాలి. ఊళ్లో పెద్ద కాంటా ఒక్కటే, వడ్లు కొనే సెంటర్లోది. వానాకాలం వడ్లు అప్పటికి దాదాపు అయిపోయాయి. హమాలీలు టీ తాగుతున్న వేళ, ఆమె అన్న కొడుకు మల్లేష్ పెట్టెను, సంచిని కాంటా మీద పెట్టాడు. పెట్టె పదిహేను, సంచి ఏడు. అంకెలు చూసి హమాలీలు కూడా శభాష్ అన్నారు. ఈదమ్మ ఆ పూట ఊరంతా తిరిగి ఆ రెండు అంకెలూ చెప్పింది.

శంషాబాద్‌లో మల్లేష్‌ను గేటు బయటే ఆపేశారు. లోపల కౌంటరు పిల్ల పెట్టెను తూకం మీదికి జరపమంది. పదిహేడు. చేతి సంచి తొమ్మిది. మీ మిషను పాడైందని ఈదమ్మ కోప్పడింది. పక్క మిషను మీద పెట్టి చూపించారు. అదీ అంతే చెప్పింది. ఈదమ్మ మల్లేష్‌కు ఫోన్ చేసింది. విషయం విని మల్లేష్ నాలుక్కరుచుకున్నాడు.

"అత్తా, మనది వడ్ల కాంటా గదనే. సంచి బరువని, తరుగని రెండు కిలోలు ముందుగాల్నే తీసి సున్నా పెట్టిండ్రు. మనకు యాదికే రాలే."

తరుగంటే వడ్లలో తాలు ఉందని, తేమ ఉందని కోసుకునే కోత. ఏటేటా ఆ కాంటా దగ్గర నిలబడి, బస్తాకు రెండు కిలోలు ఎట్లా తీస్తరని అందరికంటే పెద్ద గొంతుతో కొట్లాడేది ఈదమ్మే. ఆ ఈదమ్మే తన పెట్టెను తీసుకుపోయి ఆ కాంటాకే అప్పగించింది. వింటే ఊరు ఏడాది నవ్వుతుంది.

ఎక్కువ బరువుకు డబ్బు కట్టొచ్చంది కౌంటరు పిల్ల. వడ్లకు ఇచ్చిన తరుగు చాలు, బట్టలకు కూడా ఇయ్యనంది ఈదమ్మ. బాలింత కారం తీసేయమని వెనక నిలబడ్డ ఒకాయన సలహా ఇచ్చాడు. ఆయన వైపు ఆమె చూసిన చూపుకు ఆయన ఒక అడుగు వెనక్కి జరిగాడు. నాలుగు కిలోలు తగ్గాలి. బిడ్డది ఒక్కటీ తగ్గకూడదు. ఈదమ్మ పెట్టెనూ సంచినీ పక్కకు లాగి, నేల మీద కూర్చుని రెండూ తెరిచింది.

చీర మీద ఒక అంగీ తొడిగింది. దాని మీద తన గొంగడి కోటు, దాని మీద నిరోష కోటు. రెండో అంగీతో గొంగడిని కప్పి గుండీలు పెట్టుకుంది. ఆపైన స్వెట్టరు, రెయిన్ కోటు, కాళ్లకు మేజోళ్లు, నెత్తికి శాలువ. లేచి నిలబడేసరికి రెండింతలైంది. నుదుటి నుంచి చెమట ధారలు కారుతున్నాయి. ఇంకా కాస్త ఎక్కువుంది. మురుకులైతే బిడ్డకు అక్కడే మళ్లీ వండొచ్చనుకుని, డబ్బా తీసి వరుసలో ఉన్న అందరికీ పంచింది, సలహా చెప్పిన ఆయనతో సహా. కౌంటరు పిల్ల మురుకు నములుతూ పెట్టెకు చీటీ కట్టింది. తనిఖీ దగ్గర లేడీ పోలీసు ఒక్కో పొరా తడుముతూ, ఇంకెన్ని ఉన్నాయమ్మా అని అడిగి నవ్వేసింది.

డెహ్రాడూన్‌లో మధ్యాహ్నం కూడా పొగమంచు విడలేదు. విమానం మెట్లు దిగుతుంటే గాలి కొరికింది. షోకుగా వచ్చిన వాళ్లంతా చేతులు చంకల్లో పెట్టుకుని పరుగెత్తారు. ఈదమ్మ మాత్రం కాలువ గట్టు మీద నడిచినట్టు నింపాదిగా నడిచి వచ్చింది. బయట సతీశ్ తన మిలిటరీ కోటు చేత్తో పట్టుకుని ఉన్నాడు. ఆమెకు కప్పడానికి తెచ్చాడు. అత్తను చూశాక ఆ కోటు ఆమెకు పట్టదని అర్థమైంది. అతని ముఖం మాత్రం పాలిపోయి ఉంది. డాక్టరమ్మ చెప్పిన తేదీకి పది రోజుల ముందే, ఆ రోజు తెల్లవారే వేళ నిరోషకు నొప్పులు మొదలయ్యాయి. దవాఖానలో చేర్చి, పక్కింటామెను కూర్చోబెట్టి వచ్చాడు. ఇక క్వార్టరుకు పోయే మాట లేదు. పెట్టె కారులోనే ఉండిపోయింది.

నిరోష గుమ్మం వైపు చూస్తూ పడుకుని ఉంది. ఆ చూపును ఈదమ్మ ఎక్కడున్నా గుర్తు పడుతుంది.

"వచ్చినవా అమ్మా."

"వచ్చిన బిడ్డా. ఈడనే ఉన్న."

బిడ్డ చేతులు చల్లగా ఉన్నాయి. ఈదమ్మ రెయిన్ కోటు విప్పింది, స్వెట్టరు విప్పింది, అంగీ గుండీలు తీసి పై కోటు బయటికి లాగింది. ఆమె ఒంటి వేడితో అది పొయ్యి పక్కన పెట్టినట్టుంది. నిరోష దాన్ని తొడుక్కుని, ముక్కుకు ఆనించుకుని, ఇది బాపు గొంగడి కదా అంది. అవునంది తల్లి. కోసినవా అని అడగలేదు నిరోష. లోపలికి తీసుకుపోయే దాకా గుండీలు పట్టుకునే ఉంది.

రెండు గంటల తర్వాత నర్సు తలుపు తీసి, ఆడపిల్ల, ఇద్దరూ బాగున్నారని చెప్పింది. పిల్లను చుట్టడానికి ఇంటి బట్ట ఏదైనా మెత్తటిది ఇమ్మంది. సతీశ్ తల పట్టుకున్నాడు. తయారుగా పెట్టుకున్న సంచి కంగారులో క్వార్టరులోనే మరిచాడు. ధోతులున్న పెట్టె కారులో ఉంది, కారు అవతలి గేటు దగ్గరుంది. అతను పరుగెత్తబోయాడు. ఈదమ్మ అతని చెయ్యి పట్టి ఆపింది. మళ్లీ స్వెట్టరు తీసి, గొంగడి మీద తొడిగిన బుచ్చయ్య అంగీ విప్పి నర్సు చేతిలో పెట్టింది.

నర్సు దాన్ని తడిమి చూసి, కాచి తెచ్చారా, ఇంత వెచ్చగా ఉందేమిటని హిందీలో అడిగింది. కాసేపటికి పిల్లను అందులోనే చుట్టి తెచ్చింది. తాత అంగీలో మనవరాలి ముఖం పిడికెడుంది. బరువు రెండు కిలోల తొమ్మిది వందలని చెప్పింది నర్సు. ఈదమ్మ పిల్లను రెండు చేతుల్లోకి తీసుకుని, ఆ బరువును తన చేతులతో చూసింది.

"అల్లుడా, తరుగు గిట్ల ఏమన్న తీసిండ్రా, జర అడుగు."

సతీశ్ పొద్దుటి నుంచి మొదటిసారి నవ్వాడు. తరుగును హిందీలో ఏమంటారో అతనికి తెలియలేదు. నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకుని, తన మిలిటరీ కోటు తీసి అత్త భుజాల మీద కప్పాడు. ఇప్పుడది సరిగ్గా పట్టింది.