ఆమోసు గారు శ్రుతి చేస్తున్నారు

ఆమోసు గారు గిటారు వాయించిన సేపుకంటే దాన్ని శ్రుతి చేసిన సేపే ఎక్కువ. ఇది గిట్టనివాళ్లు పుట్టించిన మాట కాదు. ఆయన వెనక కూర్చుని డ్రమ్ములు వాయించే టైటస్ ఫోనులో గడియారం పెట్టుకుని మరీ తేల్చిన విషయం. లిమరిక్ ఊరి దాకా వ్యానులో వెళ్లి చేసిన కచేరీలో శ్రుతికి పందొమ్మిది నిమిషాలు పట్టింది, పాటలకి పదకొండు మిగిలాయి.

ఆమోసు గారికి డెబ్బై నాలుగేళ్లు. వాల్తేరు రైల్వే క్వార్టర్సులో పెరిగి, పక్కింటి ఇంజను డ్రైవరు దగ్గర బ్లూస్ నేర్చుకున్నారు. బ్లూస్ అంటే ఏమిటండీ అని ఎవరైనా అడిగితే, ఉన్న కష్టాన్ని రెండుసార్లు చెప్పుకుని మూడోసారికి దాన్ని వెక్కిరించడం అని చెప్పేవారు. తెలుగులో సొంతంగా నలభై పాటలు కట్టారు. బదిలీ ఉత్తర్వుల మీద ఒకటి, పంటినొప్పి మీద రెండు, మిగతావి పెద్దగా ప్రయోజనం లేని విషయాల మీద. అన్నిట్లోకీ పేరు వచ్చింది గొడుగు పాటకే.

*నా గొడుగు ఎవరో ఎత్తుకుపోయారు,*
*నా గొడుగు ఎవరో ఎత్తుకుపోయారు,*
*వాన మాత్రం నాకే వదిలేశారు.*

ఐర్లండ్‌లో నేస్ అనే ఊళ్లో నర్సుగా పనిచేసే కూతురు మార్తాని చూసి, మూడు నెలలుండి పోదామని 2020 ఫిబ్రవరిలో వచ్చారు. తర్వాత విమానాలు ఆగిపోయాయి. ఏడాది దాటేసరికి ఆయన మార్తా వంటింటి అలమరాలన్నీ నాలుగుసార్లు ఖాళీ చేసి, నాలుగు రకాలుగా సర్దారు. ఆసుపత్రి నుంచి అలసిపోయి వచ్చిన మనిషికి టీపొడి డబ్బా దొరకడం మానేసింది. ఓ ఆదివారం జూమ్ ఆరాధన అయ్యాక మార్తా టైటస్‌ని పట్టుకుని, మా నాన్నని మీ బ్యాండులో వేసుకోండి, పుణ్యముంటుంది అని బతిమాలింది.

టైటస్ బ్యాండంటే ముగ్గురు. డ్రమ్ములకు తను, బేస్ గిటారుకు ప్రెయిస్, కీబోర్డుకు అబిగేయిల్. ముగ్గురూ చిన్నప్పుడే వచ్చి ఇక్కడ పెరిగినవాళ్లు. పబ్బులు మూసేశారు, పెళ్లిళ్లు ఆగిపోయాయి, వాయించడానికి మిగిలినవి వృద్ధాశ్రమాల ఆవరణలు మాత్రమే. వీళ్లు కారు పార్కింగులో వాయిస్తే లోపలివాళ్లు కిటికీ అద్దాల్లోంచి చూసేవారు. అరగంటకి మించి ఒప్పుకునేవారు కాదు, ఎందుకంటే ఆ తర్వాత మందుల వేళ. అబిగేయిల్ 'ఆమోసు గారి ఐర్లండ్ పర్యటన' అని పోస్టరు వేసింది. పర్యటనలో ఆరు ఊళ్లున్నాయి, లిమరిక్ మినహా అన్నీ నేస్ చుట్టుపక్కలవే.

మొదటి కచేరీలోనే సంగతి అర్థమైంది. ఆమోసు గారు కుర్చీలో కూర్చున్నారు, గిటారు ఒళ్లో పెట్టుకున్నారు, ఒక తీగ మీటి తల అడ్డంగా ఊపారు. మర తిప్పారు. మళ్లీ మీటి మళ్లీ ఊపారు. తలెత్తి గాల్లోకి చూస్తూ ఆలోచించారు. అలా పదిహేను నిమిషాలు గడిచాయి.

కారణాలకి ఆయన దగ్గర కరువు లేదు. ఈ దేశం చెమ్మ తీగలకి పడలేదన్నారు. చెమ్మ లేని రోజున ఎండ పడలేదన్నారు. ఎండా వానా రెండూ లేని రోజున, గిటారుకి ఇల్లు గుర్తొచ్చిందన్నారు. అబిగేయిల్ ఆయన పుట్టినరోజుకి శ్రుతి చూపించే చిన్న యంత్రం కొనిచ్చింది. తీగ సరిపోతే దాంట్లో పచ్చదీపం వెలుగుతుంది. ఆయన ఎంతో మురిసిపోయి దాన్ని గిటారు తలకి తగిలించుకున్నారు. ఆరు తీగలకీ ఆరుసార్లు దీపం వెలిగింది. అయినా మర తిప్పుతూనే ఉన్నారు.

"అంకుల్, గ్రీన్ వచ్చేసింది కదా," అన్నాడు టైటస్.

"దానికి వచ్చిందిరా అబ్బాయ్. నాకింకా రాలేదు."

జూన్‌లో టైటస్ ప్రాణం మీదికి వచ్చింది. వేసవిలో ఊరూరా ఆరుబయట జరిగే ఎనిమిది కచేరీలకి ఒక బ్యాండు కావాలని కౌంటీ ఆఫీసు ప్రకటించింది. ఏడాదిగా డ్రమ్ముల మీద పైసా రాలేదు. ఈ అవకాశం రాకపోతే వాటిని అమ్మేసి గోడౌనులో పనికి చేరతానని తండ్రికి మాటిచ్చాడు. ప్రెయిస్ అప్పుడే వేరే ఊళ్లో ఉద్యోగం చూసుకుంటున్నాడు. టైటస్‌కి డ్రమ్ములు తప్ప వేరే ఏదీ మనస్ఫూర్తిగా చెయ్యడం చేతకాదు. బ్యాండుని చూసి నిర్ణయించడానికి నోరా అనే అధికారి మంగళవారం నాటి కచేరీకి వస్తానంది.

టైటస్ జాగ్రత్తపడ్డాడు. ఆమోసు గారు వ్యానులో కునుకు తీస్తుండగా గిటారు తీసి, యంత్రం పెట్టి, ఆరు తీగలూ తనే శ్రుతి చేశాడు. వెంట్రుకవాసి తేడా లేదు.

ఆ ఆశ్రమం రెండంతస్తులది. మామూలుగా టైటస్ గాలి తగలకుండా వ్యాను తలుపు చాటున డ్రమ్ములు పెట్టుకునేవాడు. అక్కణ్నుంచి ఆమోసు గారి వీపు తప్ప ఏమీ కనపడేది కాదు. ఆ రోజు అంబులెన్సుకి దారి వదలమని వ్యానుని గేటు బయట ఆపించారు. డ్రమ్ములు ఆరుబయట పెట్టాల్సి వచ్చింది. నోరా మాస్కు పెట్టుకుని, భవనానికి వీపు పెట్టి, వీళ్లకెదురుగా మడత కుర్చీలో కూర్చుంది.

ఆమోసు గారు ఒక తీగ మీటారు. అది చక్కగా పలికింది. ఆయన కాసేపు దాన్ని అనుమానంగా చూసి, మర తిప్పి వదులు చేశారు. టైటస్ కళ్లారా చూశాడు. కావాలనే చెడగొట్టి, నింపాదిగా మళ్లీ బిగించడం మొదలుపెట్టారు. టైటస్‌కి ఒళ్లు మండిపోయింది. ముసలాయన తల ఎటు తిప్పితే అటు కోపంగా చూశాడు. ఆయన పైకి చూశారు. టైటస్ కూడా పైకి చూశాడు.

పై అంతస్తులో ఆరు కిటికీలున్నాయి. ఒక్కతే నర్సు. ఒకరిని చక్రాల కుర్చీలో కిటికీ దగ్గరికి తెచ్చి, బ్రేకు వేసి, తొడుక్కున్న నీలం గౌను విప్పి, చేతులు కడుక్కుని, కొత్త గౌను వేసుకుని రెండో గదికి వెళ్తోంది. ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు పడుతోంది. మొదటి కిటికీలో తెల్లజుట్టు కనపడగానే ఆమోసు గారి మొదటి తీగ కుదిరింది. రెండో కిటికీ నిండాక రెండోది కుదిరింది. ఐదో కిటికీ దగ్గర టైటస్ లెక్కపెట్టడం ఆపేశాడు. ఇన్ని నెలలూ తను ఎవరి మీద విసుక్కున్నాడో తలుచుకుంటే వాడికి సిగ్గేసింది.

ఆరో కిటికీ ఖాళీగా ఉంది. ఇరవై నిమిషాలైంది. నోరా గడియారం చూసుకుని, దయచేసి మొదలుపెడతారా, నేను మరో బ్యాండుని కూడా చూడాలి అంది. ఆమోసు గారు చివరి తీగ పట్టుకుని, మొదటిసారిగా ఏం చెప్పాలో తోచక వెనక్కి తిరిగి టైటస్‌ని చూశారు.

టైటస్‌కి ఎనిమిది కచేరీలూ కళ్లముందు కదిలాయి. గోడౌను కూడా కదిలింది. వాడు లేచి నిలబడ్డాడు.

"సారీ, డ్రమ్ములు కూడా శ్రుతి చెయ్యాలి," అన్నాడు ఇంగ్లీషులో.

అబిగేయిల్ వాడి వైపు తిరిగి, నీక్కూడా పట్టుకుందా అన్నట్టు చూసింది. వాడు డ్రమ్ములు బిగించే తాళంచెవి తీసి ఒక్కో డ్రమ్ము చుట్టూ మరలన్నీ వదులు చేసి మళ్లీ బిగించాడు. మధ్యమధ్యలో గాల్లోకి చూస్తూ ఆలోచించాడు. ఐదు నిమిషాలకి ఆరో కిటికీ నిండింది. ఊదారంగు స్వెట్టరు వేసుకున్న ఒక పెద్దావిడ అద్దం మీద చెయ్యి ఆనించింది. ఆమోసు గారి ఆఖరి తీగ ఆ క్షణానే కుదిరిపోయింది.

ఒక్క పాటకే వేళ మిగిలింది, అదీ గొడుగు పాటే. తెలుగు ముక్క రాకపోయినా, ఆయన లేని గొడుగుని విప్పి చూపించేసరికి పైనున్నవాళ్లంతా నవ్వారు. అద్దాల మీద చేతులతో తాళం వేశారు. ఆ చప్పుడుకి నోరా వెనక్కి తిరిగి కిటికీలు చూసింది. తర్వాత టైటస్ చేతిలోని తాళంచెవిని చూసింది. ఏదో రాసుకుని వెళ్లిపోయింది.

తిరుగు ప్రయాణంలో, ఇన్నాళ్లూ కిటికీల కోసమే ఆగారా అంకుల్ అని టైటస్ అడిగాడు. ఏ కిటికీలురా అని ఆయన శాండ్‌విచ్ తీసుకున్నారు.

వారం తర్వాత ఉత్తరం వచ్చింది. ఎనిమిది కచేరీలూ ఇచ్చారు. టైటస్ మార్తా ఇంటికి పరిగెత్తుకెళ్లి, పెరట్లో కూర్చున్న ఆమోసు గారికి తెలుగు చేసి చదివి వినిపించాడు. కచేరీ ముప్పై నిమిషాలు అని అచ్చువేసిన చోట, పక్కనే నోరా తన చేత్తో రాసింది: "దానికి ముందు గిటారు శ్రుతి చేసుకోవడానికి అరగంట."

ఆమోసు గారు నొచ్చుకున్నారు.

"అరగంట దేనికిరా? నా గిటారుకి రెండు నిమిషాలు చాలు."