పోయేటప్పుడే గాలికి ఎదురు

ఈ ఉదయం కిటికీ రెక్క గోడకు కొట్టుకున్న చప్పుడుకు మెలకువ వచ్చింది. ఆషాఢం గాలి. పండి రాలిన వేపకాయల వాసనను, లారీలు రోడ్డు మీద వదిలిపోయిన సిమెంటు దుమ్మును కలిపి గదిలోకి మోసుకొచ్చింది. మంచం దిగకముందే నేను చేసే మొదటి పని గాలి ఎటు నుంచి వస్తున్నదో చూడటం. ఎదురింటి డాబా మీద ఆరేసిన చీరను చూస్తే చాలు. కొంగు తూర్పుకు ఎగురుతున్నది. అంటే పడమటి గాలి, అంటే ఇవాళ సైకిల్ నేరేడుచర్ల వైపు. ఈ లెక్క నాకు నేర్పిన మనిషి పోయి రెండేళ్లయింది. ఆయనను చూడని వాళ్లకు ఆయన గురించి చెప్పాలంటే నా సైకిల్ గురించి, నేను చెప్పిన ఒక అబద్ధం గురించి కూడా చెప్పాలి.

మొయినుద్దీన్ చాచా హుజూర్‌నగర్‌లో మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండేవారు. ముప్పై ఏళ్లకు పైగా చుట్టుపక్కల పల్లెల్లో ఉత్తరాలు పంచి రిటైరైన పోస్ట్‌మన్. సన్నటి మనిషి. కొద్దిగా ముందుకు వంగి, నడుస్తున్నా సైకిల్ మీద ఉన్నట్టే కనిపించేవారు. రిటైరయ్యాక కూడా పొద్దున్నే తన నల్ల సైకిల్ మీద ఒక చుట్టు తిరిగి రావడం మానలేదు. సంచి లేదు, ఉత్తరాలు లేవు. ఎందుకు చాచా ఈ కష్టం అని ఎవరైనా అంటే, "నేను రిటైరైన సంగతి మోకాళ్లకు ఇంక చెప్పలే" అనేవారు.

నేను పదో తరగతిలో ఉన్నప్పుడు వ్యాయామం సారు నా పేరు సైకిల్ పందేలకు రాశారు. నలుగురిలో నోరు విప్పలేని పిల్లను. సైకిల్ మీద ఉన్నంతసేపు ఎవరితోనూ మాట్లాడే పని ఉండదు కాబట్టి అది నాకు నచ్చింది. మా బాపు అప్పటికి ఇంకా మగ్గం నేస్తున్నాడు. నల్గొండలో ఎవరో పక్కన పడేసిన సన్న టైర్ల రేసు సైకిల్ తెచ్చి, ఒక్కొక్క భాగం విప్పి తుడిచి, తన చేతులతోనే బిగించాడు. ఇంటర్ రెండో సంవత్సరంలో రాష్ట్ర స్థాయి పోటీకి వెళ్లాను. సగం దూరం పోయాక పొడుగాటి ఎత్తు వచ్చింది, దానికి తోడు ఎదురుగాలి. తోటివాళ్లు ఒక్కొక్కరే ముందుకు వెళ్లిపోయారు. వెనుకబడ్డవాళ్లను ఎక్కించుకునే వ్యాను నా పక్కకు వచ్చి ఆగింది. నేను దిగి, సైకిల్‌ను వ్యానులోకి ఎక్కించాను.

ఇంటికి వచ్చి చైన్ ఊడిపోయిందని చెప్పాను. డైరీలో కూడా అదే రాసుకున్నాను. బాపు చాలాసేపు ఆ చైన్‌ను వేళ్ల మధ్య తిప్పుతూ కూర్చున్నాడు. "నేనే వదులు పెట్టినట్టున్న బిడ్డా" అన్నాడు. కాదని నేను అనలేదు. కొన్నాళ్లకు సైకిల్ అటక ఎక్కింది. ఆ తర్వాత ఎవరింట్లో పోటీల మాట వచ్చినా బాపు అదే చెప్పేవాడు, తన పనితనంలో లోపం వల్లే బిడ్డ ఓడిపోయిందని.

ఆరేళ్లు గడిచాయి. డిగ్రీ అయింది. దస్తావేజులు టైపు చేసే దుకాణంలో పని దొరికింది. పొద్దంతా కుర్చీ, చదివే పుస్తకం ఉంటే ఇంట్లో కూడా కుర్చీయే. ఒక వానాకాలం చివర డెంగీ జ్వరం వచ్చింది. దవాఖాన నుంచి వచ్చి రెండు నెలలైనా డాబా మెట్లు ఎక్కితే ఆయాసం తగ్గేది కాదు. డాక్టరమ్మ రోజూ నడవమన్నది. నడుస్తుంటే ఎదురైన ప్రతివాళ్లూ ఎటు పోతున్నవని అడిగేవారు. జవాబు చెప్పే బాధ తప్పుతుందని అటక మీది సైకిల్ దింపించాను.

మొదటి రోజు ఊరి చివరి కల్వర్టు దగ్గర చిన్న ఎత్తు మీదే ఊపిరాడక దిగిపోయాను. వెనుక నుంచి చాచా వచ్చారు. తానూ దిగి నా పక్కన నడవసాగారు.

"ఎన్నేండ్లయింది బేటా తొక్కక?"

"ఆరేండ్లు చాచా."

"ఆరేండ్లు పండవెట్టి ఒక్క పొద్దుల లెవ్వమంటే లేస్తదా? రేపు నాతోటి రా. నా మోకాళ్లు, నీ దమ్ము, రెండు ఒక్క తీరుగనే ఉన్నయి."

మర్నాడు ఆయన షరతు పెట్టారు. సైకిల్ తొక్కుతూ మాట్లాడాలి. మాట తెగిందంటే ఒంటికి మించి తొక్కుతున్నట్టు. చిక్కేమిటంటే నేను మాట్లాడను. రెండు రోజులు ఆయన ఒక్కరే మాట్లాడారు. మూడోరోజు విసుక్కున్నారు. "నీకు దమ్మున్నదో లేదో నాకెట్ల తెల్వాలె? పుస్తకాలు సదువుతవని మీ అమ్మ చెప్పింది. అందుల కథ చెప్పు."

ఆ వారం చదువుతున్న నవల మొదలుపెట్టాను. ఎదుటివారి మొహం చూడకుండా రోడ్డును చూస్తూ చెప్పడం కాబట్టి సిగ్గనిపించలేదు. వాక్యం మధ్యలో ఊపిరి అందకపోతే ఆయన ఏమీ అనేవారు కాదు, తన సైకిల్ నెమ్మది చేసేవారు. మొదట్లో కల్వర్టు వచ్చేసరికి పాత్రల పేర్లు చెప్పడం కూడా పూర్తయ్యేది కాదు. ఎండాకాలం మధ్యకు వచ్చేసరికి నేరేడుచర్ల తొవ్వలో నాలుగో కిలోమీటరు రాయి దాకా ఒక అధ్యాయం చెప్పగలిగాను. డాబా మెట్ల మీద ఆయాసం ఎప్పుడు పోయిందో గమనించనే లేదు. నా కథల మీద మాత్రం చాచాకు ఫిర్యాదులు ఉండేవి.

"నీ పుస్తకాల్ల అందరు ఏడుస్తరేంది బేటా? ఒక్కడన్న కడుపునిండ తిని పంటడా?"

"పంటే ఇగ కథేముంటది చాచా?"

"పండనియ్యి. ముందట ఎత్తున్నది. గీడ జర మంచి ముచ్చట చెప్పు."

ఆషాఢం వచ్చింది. ఒక ఆదివారం చాచా చుట్టాలింటికి కోదాడ వెళ్లారు. ఒక్కదాన్నే మేళ్లచెరువు వైపు బయలుదేరాను. అంతవరకు ఆయన నన్ను అటు తీసుకుపోలేదు. పెడలు తొక్కుతున్నట్టే లేదు. గేరు మీద గేరు పెంచాను. చెవుల్లో గాలి చప్పుడే లేదు. అక్కడే నాకు అనుమానం రావాల్సింది, రాలేదు. పందేల నాటి కాళ్లు తిరిగి వచ్చాయనుకున్నాను. సిమెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు దగ్గరగా కనిపించే చోట చాయ్ తాగి, సంతోషంగా సైకిల్ వెనక్కి తిప్పాను.

తిప్పగానే ఎవరో ఛాతీ మీద చెయ్యి పెట్టి ఆపినట్టయింది. అన్నిటికన్నా తేలికైన గేరు వేసినా సైకిల్ కదలడం లేదు. మూడు కిలోమీటర్లు రాకముందే, ఆకులన్నీ తెల్లటి దుమ్ము పట్టిన ఒక చింతచెట్టు కింద కూలబడ్డాను. ట్రాలీ ఆటో ఒకటి ఆగింది. "ఎక్కియ్యక్కా, హుజూర్‌నగరే పోతున్న" అన్నాడు అతను. ఎక్కించాను. అదే పని రెండోసారి చేస్తున్నానని తెలిసే ఎక్కించాను.

మర్నాడు చాచా వాళ్ల గుమ్మం ముందే పట్టుకున్నారు. "ఆటోల వచ్చినవట?"

"చైన్ ఊడింది చాచా."

ఆయన నా సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టి పెడలు తిప్పారు. చైన్ చప్పుడు లేకుండా తిరిగింది. చక్రాన్ని అరచేత్తో ఆపారు. "చైన్ మంచిగనే ఉన్నది. పోయేటప్పుడు గాలి ఎనుక నుంచి కొట్టిందా?"

తల ఊపాను.

"అయితే మేళ్లచెరువు పోయింది నువ్వు గాదు బేటా, గాలి పోయింది. వచ్చుడు మాత్రం నువ్వే రావాలె."

నన్ను అరుగు మీద కూర్చోబెట్టి తానూ కూర్చున్నారు. కోపంగా లేరు. కాసేపు మోకాలు రుద్దుకుంటూ ఉండి చెప్పారు.

"నౌకరిల కొత్తగ ఉన్నప్పుడు, గిసొంటి గాలిలనే, ఒకనాడు నేను ఆఖరి ఊరికి పోలే. ఒకాయన పేరు మీద ఒక్కటే కవరుండె. దానికోసం గంత ఎత్తు ఎవడు తొక్కాలె అనుకున్న. ఇంటికి తాళమున్నదని రాసి వాపస్ తెచ్చిన. తెల్లారి పోయి ఇచ్చిన. నౌకరికి ఇంటర్వ్యూ కాయిదం బేటా. తారీఖు ఆ పొద్దుటిదే, నేను పోయేసరికి టైం దాటింది."

"ఆయన ఏమన్నడు?"

"ఏమంటడు? పైనుంచే లేటొచ్చిందనుకున్నడు. ఎండల పడి వచ్చినవని నాకు చాయ్ పోసిండు. గా చాయ్ ఎట్ల మింగిన్నో నాకే ఎర్క. వారం దినాలు అయినంక పోయి చెప్పిన. తాళం లేకుండె, నేనే రాలే అని."

"తిట్టిండా?"

"తిడితే మంచిగుండు. లోపటికి పోయిండు, మల్ల రాలే. అటెనుక పదేండ్లు ఆ ఊరికి ఉత్తరాలు తీస్కపోయిన. ఆ ఇంట్ల ఎప్పుడు ఆయన చెల్లె వచ్చి తీసుకునేది." "అప్పటిసంది నా లెక్క మారింది. దూరం ఊరు ముందు, దగ్గరిది ఎనుక. పోయేటప్పుడే గాలికి ఎదురు. కాళ్లు తాజాగున్నప్పుడే కష్టమైన తొవ్వ తొక్కాలె. వచ్చేటప్పుడు గాలే తోలుకొస్తది."

ఆయన నన్నేమీ అడగలేదు. అయినా నేను చెప్పాను, ఆ ఎత్తు, ఆ వ్యాను, బాపు వేళ్ల మధ్య తిరిగిన చైన్. ఈ సంగతి మరొకరికి చెప్పడం అదే మొదటిసారి.

"మీ బాపుకు ఎర్కనా?"

"లేదు."

చాచా లేచి సైకిల్‌ను మామూలుగా నిలబెట్టారు. "గాలి ఇంకో నెల ఉంటది" అన్నారు. అంతే.

ఆ నెలంతా ఇద్దరం పడమరకే తొక్కాం. పోయేటప్పుడు చెవుల నిండా హోరు. నా కథ ఆయనకు సగమే వినిపించేది. అయినా మాట తెగిన చోట ఆయన నెమ్మది చేయడం తప్పలేదు. శ్రావణం వస్తుండగా, ఒక ఆదివారం మేళ్లచెరువు పోయి వస్తానన్నాను. గాలి వీపున పెట్టుకుని పోయి ఎదురు రావడం ఆయన లెక్కకు తప్పే, అయినా నాకు ఆ తొవ్వే కావాలి. ఆయన మోకాలికి అంత దూరం పడదు. ఊరి చివరి దాకా వచ్చారు. "దిగాలనిపిస్తే దిగు. దిగితే దిగినన్నని చెప్పు" అన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు చింతచెట్టు దగ్గర దిగాను. నీళ్లు తాగి మళ్లీ ఎక్కాను. పోవడానికి పట్టిన సమయానికి రెండింతలకు పైగా పట్టింది. పక్కన ఎవరూ లేకపోయినా, ఊపిరి ఉన్నదో లేదో తెలియడానికి పైకే కథ చెప్పుకుంటూ వచ్చాను. ఇంటికి చేరేసరికి బాపు వాకిట్లో కూర్చుని చాయ్ తాగుతున్నాడు. సైకిల్ స్టాండు వేయలేదు, చేతులతో పట్టుకునే చెప్పాను.

"బాపూ, ఆనాడు పోటీల చైన్ ఊడలే. ఎత్తు తొక్కలేక నేనే దిగిన."

గ్లాసు కింద పెట్టాడు. "ఊడలేదా?"

"ఊడలే."

లేచి వచ్చి సైకిల్ పక్కన గొంతుక్కూర్చున్నాడు. మగ్గం మీద పడుగు దారం బిగువు చూసినట్టు చైన్‌ను రెండు వేళ్లతో పైకి ఎత్తి చూశాడు.

"అంటే, నేను వదులు పెట్టలే."

"లేదు బాపూ. మంచిగ బిగిచ్చినవు."

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు నేను లేచేసరికి చైన్‌కు కొత్తగా నూనె వేసి ఉంది.

చాచా రెండేళ్ల కిందట చలికాలంలో గుండె ఆగి పోయారు. ముందురోజు పొద్దున కూడా నాలుగో రాయి దాకా వచ్చారు. ఆయన సైకిల్ వాళ్ల ఇంటి గోడకే ఉంది. ఆయన భార్య, మా చాచి, అప్పుడప్పుడు దాని దుమ్ము తుడుస్తుంది. నా డైరీలో ఇప్పుడు తొక్కిన దూరం పక్కన గాలి ఎటు వీచిందో కూడా రాస్తాను. గాలి మోసుకుపోయిన దారికి ఎంతసేపు పట్టిందో మాత్రం రాసుకోను.

ఇవాళ నేరేడుచర్ల తొవ్వలో నేను చెప్పుకున్న కథలో ఒక ముసలాయన సంత నుంచి వచ్చి, కడుపునిండా తిని, గోడకు ఆనుకుని నిద్రపోతాడు. పుస్తకంలో అది చివర వస్తుంది. నేను ఎత్తు మొదలయ్యే దగ్గరే ఆ ముక్క ముందుగా చెప్పాను. నాలుగో రాయి దగ్గరికి వచ్చేసరికి మాట తెగింది. సైకిల్ నెమ్మది చేశాను.